కోత పండుగ బల్ల మీద మందుల డబ్బా

మొన్న డిసెంబరు రెండవ శనివారం నాడు నేను పదహారు కిలోమీటర్లు పరుగెత్తాను. నా వయసు నలభై ఆరు. ఈ రెండు వాక్యాలు రాసి, కలం కింద పెట్టి, మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. లెక్కల టీచరుకు జవాబును సరిచూసుకోకపోతే నిద్ర పట్టదు. జవాబు సరైనదే.

ఇది 1999 జనవరి. సరిగ్గా రెండేళ్ళ క్రితం, ఇదే నెలలో, మా ఇంట్లో అందరం ఎంతో సంతోషంగా ఒక పొరపాటు చేశాము. దాని ముందూ వెనకా జరిగినది వరుసగా రాసుకుంటే నా మనసు ఒక చోట నిలుస్తుందనిపించింది. ఇదే జబ్బుతో ఏదో ఒక ఆసుపత్రి బల్ల మీద తన వంతు కోసం కూర్చున్నవారి చేతికి ఇది అందితే ఇంకా మంచిది. వైద్యం సంగతులు వైద్యులకే తెలుసు. ఆ రోజులు ఎలా గడిచాయన్నది మాత్రమే నేను చెప్పగలను.

1996, జూన్ నుండి సెప్టెంబరు వరకు

నేను పుట్టింది తెనాలి దగ్గర. పెళ్ళయిన నాటి నుండి శంషాబాదులోనే ఉంటున్నాను. మా వారు ప్రభుదాసు బస్సు డిపోలో మెకానిక్కు. వారి సొంత ఊరు పాల్మాకుల. మామగారు పోయాక మా అత్తగారు రాహేలమ్మ మా దగ్గరకు వచ్చేశారు గాని, ఆదివారం ఆరాధనకు మాత్రం పాల్మాకుల చర్చికే వెళ్ళాలంటారు. ఆ చర్చిలో స్త్రీల కూడికకు ఆవిడే పెద్ద. ఎవరింట్లో జ్వరం వచ్చినా, ఎవరి కోడలు అలిగినా ముందుగా ఆవిడకే కబురు వస్తుంది.

ఆ ఏడాది బడులు తెరిచిన వారంలో మా ఉపాధ్యాయుల గదిలో ఒక ప్రకటన అంటించారు. ప్రతి డిసెంబరు రెండవ శనివారం ఉపాధ్యాయులకు జరిగే రోడ్డు పరుగు గురించి అది. పేర్లు రాయడానికి కింద గడులు గీశారు. నలభై దాటిన స్త్రీల గడిలో ఒక్క పేరూ లేదు. ఖాళీగా ఉన్న గడిని చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు. నా పేరు రాశాను. పదహారు కిలోమీటర్లంటే ఎంత దూరమో ఇంటికి వచ్చాక తెలిసింది. పాల్మాకుల చర్చికి వెళ్ళి, తిరిగి వచ్చి, ఇంకా కాస్త మిగిలేటంత.

అప్పటిదాకా నేను బస్సు కోసం తప్ప పరుగెత్తి ఎరుగను. తెల్లవారగానే పంజాబీ డ్రెస్సు, కాన్వాసు బూట్లు వేసుకుని, ద్రాక్ష తోటల వెనుక బండ్ల బాట మీద మొదలుపెట్టాను. మొదటి వారం ఒక తోట కంచె పొడవు పరుగెత్తితే రెండో తోట కంచె పొడవు నడిచేదాన్ని. బాట హైవేను కలిసే చోట టీ కొట్టు దగ్గర రోజూ నలుగురు కూర్చుని ఉండేవారు. మూడో రోజున వాళ్ళలో ఒకాయన అడగనే అడిగాడు. "టీచరమ్మా, ఎవలన్న ఎంబడి వడ్డరా? చెప్పు, మేం జూస్తం." నాకూ నవ్వు వచ్చింది. తరువాత వాళ్ళే లారీలు వస్తున్నప్పుడు నన్ను ఆగమని చెయ్యి చూపేవారు.

నెల తిరిగేసరికి బూట్ల అడుగులు అరిగిపోయాయి. మా వారు డిపోలో పారేసిన టైరు ముక్కను కోసి, అరుగు మీద కూర్చుని, వాటికి కొత్త అడుగులు వేసి ఇచ్చారు. "బస్సు టైరు పెట్టిన. ఇగ నువ్వు ఏ స్టేజీల ఆగుతవో నీ ఇష్టం," అన్నారు. అత్తగారికి మాత్రం ఈ ఉరుకుడు నచ్చలేదు. అయినా నేను తిరిగి వచ్చేసరికి రాగి జావ చల్లార్చి ఉంచేవారు.

నేను రోజూ దూరమూ సమయమూ రాసుకునేదాన్ని. ఆగస్టు చివరి దాకా సమయం తగ్గుతూ వచ్చింది. సెప్టెంబరులో పెరగసాగింది. అదే బాట, అవే బూట్లు, దూరం కూడా అంతే. బద్ధకం పెరిగిందని తీర్మానించుకుని అరగంట ముందుగా లేవసాగాను. దగ్గు వస్తే లారీల దుమ్మన్నాను. సాయంత్రం ఒళ్ళు వెచ్చబడితే ఎండ అన్నాను. రవికెలు వదులైతే బడిలో తోటి టీచర్లు మెచ్చుకున్నారు, ఏం తింటున్నారో చెప్పమని అడిగారు. నేనూ పొంగిపోయి జావ సంగతి చెప్పాను.

మెచ్చుకోనిది అత్తగారు ఒక్కరే. ఒక ఉదయం జావ గిన్నె అందిస్తూ నా ముఖాన్ని చాలాసేపు చూశారు. "ఉరికేటోళ్ళు సన్నబడ్తరు, సరే. గీ కండ్లెందుకు లోపలికి పోయినయ్ బిడ్డా?"

అక్టోబరు, నవంబరు

అక్టోబరు మొదటి వారంలో ఒక పొద్దున, ద్రాక్ష తోట కంచె పట్టుకుని దగ్గుతుంటే రుమాలులో ఎర్రని చారిక కనబడింది. పరుగు ఆపి, రుమాలు మడిచి, నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ నడకంతా నేను తలచుకున్నది చావును కాదు. ఆరో తరగతి పిల్లలకు ఆ రోజు చెప్పవలసిన భిన్నాల కూడికలను. మనసు తనకు చేతనైన పనినే పట్టుకుంటుంది కాబోలు.

నగరంలో ఛాతీ జబ్బుల ఆసుపత్రికి మా వారు సెలవు పెట్టి తీసుకువెళ్ళారు. అక్కడ అన్నిటికీ వరుసే. చీటీకి, ఎక్సురేకు, కఫం డబ్బీ ఇవ్వడానికి, అది సరిగా లేదంటే మళ్ళీ ఇవ్వడానికి. బల్లలు సిమెంటువి. జ్వరం ఒంటికి వాటి చలి సూదుల్లా తగిలేది. నా పక్కన కూర్చున్నామె షాద్‌నగర్‌లో ఏదో కార్ఖానాలో పనిచేస్తుందట. నేను వణకడం చూసి, తాను కప్పుకున్న శాలువాను తీసి, మడత విప్పి, బల్ల మీద ఇద్దరికీ సరిపడా పరిచింది. "సగం నీది, సగం నాది. కూసో అక్కా," అంది. పేరు అడిగేలోగా ఆమె వంతు వచ్చింది. శాలువా తీసుకోకుండానే లోపలికి వెళ్ళి, బయటకు వచ్చాక తీసుకుంది.

కుడి ఊపిరితిత్తిలో క్షయ అన్నారు. డాక్టరమ్మ చిన్న వయసుది, గొంతు మాత్రం మా ప్రధానోపాధ్యాయిని గొంతులా గట్టిది. మందులు నెలల తరబడి వాడాలని, ఒంట్లో బాగున్నా ఆపకూడదని, కంచాల వల్ల గ్లాసుల వల్ల ఈ జబ్బు అంటదని, మొదట్లో దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డు పెట్టుకుంటే చాలని చెప్పింది. పరుగు సంగతి అడిగాను. ఆమె చీటీ రాయడం ఆపి, నన్ను పైనుండి కిందిదాకా చూసి, ముందు మెట్లు ఎక్కమంది.

కంచాల గురించి ఆమె మాట నేను విన్నాను గాని నమ్మలేదు. ఇంటికి వచ్చి, నా స్టీలు కంచం అడుగున మేకుతో ఒక గీత గీసి, దాన్ని వేరే గూట్లో పెట్టుకున్నాను. రెండు రోజులు అందులోనే తిన్నాను. మూడో రోజు మధ్యాహ్నం వంటింట్లో కీచుమని చప్పుడు వినబడితే వెళ్ళి చూశాను. అత్తగారు నేల మీద కూర్చుని, ఇంట్లో ఉన్న కంచాలన్నిటినీ బోర్లించి, అదే మేకుతో ఒక్కొక్కదానికీ గీత గీస్తున్నారు. చుట్టాల కోసం అటక మీద దాచినవి కూడా దించారు. గీయడం అయ్యాక అన్నిటినీ కలిపి ఒకే దొంతరగా పేర్చి, "ఇగ దొరకబట్టు నీదేదో," అన్నారు. నేటికీ నా కంచం ఏదో నాకు తెలియదు.

మందులు పడని రోజులు ఉండేవి. నోరంతా ఇనుప రుచి, కీళ్ళలో సలుపు, అన్నం వాసన వస్తే కడుపులో తిప్పు. పరుగు రోజున నేను దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాను. బూట్లను మా వారు కాగితంలో చుట్టి, బీరువా మీద పెట్టారు.

1997, జనవరి, ఫిబ్రవరి

క్రిస్మస్ నాటికి జ్వరం పోయింది. పోయిన బరువులో సగం తిరిగి వచ్చింది. ఏడాది చివర ఇచ్చిన కఫం పరీక్ష కాగితం మీద క్రిములు లేవని రాసి ఉంది. ఆ ఒక్క మాటను మా వారు చదివి వినిపిస్తే అత్తగారు కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థించారు. మందులు ఇంకా చాలా నెలలు ఉన్నాయని డాక్టరమ్మ మళ్ళీ చెప్పిన మాట నేనూ ఇంట్లో చెప్పాను. అయితే సంతోషంగా ఉన్న ఇంట్లో అలాంటి మాటను పెద్ద గొంతుతో ఎవరు చెబుతారు?

జనవరి రెండో ఆదివారం పాల్మాకుల చర్చిలో కోత పండుగ. ఆ రోజు ఎవరి పంటలో, ఎవరి పెరటిలో కాసినది వారు తెచ్చి బల్ల మీద పెడతారు. గుమ్మడికాయలు, జొన్న కంకులు, ద్రాక్ష గుత్తులు, కాళ్ళు కట్టిన కోడి. ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఒక్కొక్కటి ఎత్తి చూపి వేలం వేస్తాడు. మేలు పొందినవారు ఆ మేలుకు గుర్తుగా ఏదైనా తెచ్చి పెట్టి, లేచి సాక్ష్యం చెప్పడమూ ఉంది. కాలు విరిగి బాగుపడినాయన ఒక ఏడాది తన చంక కర్ర పెట్టాడు.

సంఘపెద్ద సొరకాయల మధ్య నుండి ఒక రేకు డబ్బా ఎత్తి, చెవి దగ్గర ఆడించి, ఇదెవరిదని అడిగాడు. అది నా మందుల డబ్బా. అది అక్కడికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. స్త్రీల వైపు నుండి మా అత్తగారు లేచి నిలబడ్డారు. తెల్లచీర కొంగు తల మీదికి లాక్కుని, ఒక్కొక్క మాటే నిలిపి చెప్పారు.

"మా కోడలి గోళీలు. దేవుడు దాన్ని మొత్తం బాగుజేసిండు. ఇగ వీటితోని పని లేదు."

చర్చి అంతా స్తోత్రమంది. మా పాస్టరు అయ్యగారు నన్ను ముందుకు పిలిచి తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించారు. ఆ పూట మా ఇంట్లో కృతజ్ఞత కూడిక, అందరికీ భోజనం. ముప్పై మంది గీత గీసిన కంచాల్లో తిని వెళ్ళారు.

మరునాడు నేను ఆసుపత్రికి వెళ్ళి వేరే మందులు తెచ్చుకుని ఉండవచ్చు. తెచ్చుకోలేదు. మా వాళ్ళలో సాక్ష్యమంటే కోర్టులో చెప్పే మాట కంటే బరువైనది. నేను మళ్ళీ మాత్ర మింగితే డెబ్బై ఏళ్ళ మనిషి దేవుని ఇంట్లో అబద్ధం ఆడినట్టవుతుంది. ఒక వారం పోనిద్దామనుకున్నాను. ఒంట్లో బాగుంది, ఆకలి బాగుంది. ఒక ఉదయం బీరువా మీది పొట్లం విప్పి బూట్లు వేసుకున్నాను. టీ కొట్టు వాళ్ళు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. ఫిబ్రవరి నెల అంతా అలా హాయిగా, తోట కంచెల వెంట, గడిచింది.

ఆ నెల ఆఖరున ఒక సాయంత్రం, జవాబు పత్రాలు దిద్దుతుంటే ఒళ్ళు వెచ్చబడింది. ఈసారి ఎండ అనుకోలేదు.

మార్చి నుండి మే వరకు

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. మందు నడుమ ఆపితే క్రిములు మొండికేస్తాయని, పాత మందులకు లొంగుతాయో లేదో ఇప్పుడే చెప్పలేనని, కొత్త లెక్క మొదటి నుండి మొదలుపెట్టాలని, రోజూ సూది కూడా తప్పదని, రెండు నెలల తరువాత పరీక్షలో గాని ఏదీ తెలియదని నెమ్మదిగా చెప్పింది. లొంగకపోతే ఏమిటని అడిగాను. ఆ సంగతి అప్పుడు మాట్లాడుకుందామంది. బయట సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. శాలువా ఆమె కోసం వెతికాను, కనబడలేదు. పక్కన ఒక ముసలావిడ మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుని ఉంది. నా దుప్పటి విప్పి బల్ల మీద పరిచాను. ఆవిడ తన సగంలోకి జరిగింది.

ఇంట్లో ఆ రాత్రి కంటే మరునాడు కష్టంగా గడిచింది. మా వారు తల్లితో ఎన్నడూ గొంతు పెంచని మనిషి. ఆ రోజు పెంచారు. తన మాట కోసం కోడలి ప్రాణం తీస్తావా అన్నారు. నేను అడ్డుపడి, ఆపింది నేనేనని, డబ్బా పోయినా ఆసుపత్రి పోలేదని చెప్పాను. అత్తగారు మూడు పూటలు అన్నం ముట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకున్న ఆవిడ వీపును చూస్తుంటే, నా ఊపిరితిత్తుల కంటే ఆ వీపే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆదివారం వచ్చింది. నేను రానన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని లేపారు. చర్చిలో పాట అయ్యాక, సాక్ష్యాలు ఉంటే చెప్పమని అయ్యగారు అడగక ముందే లేచి నిలబడ్డారు. ముందు బల్లను పట్టుకున్నారు.

"కోత పండుగ నాడు నేను ఒక మాట చెప్పిన. అది తప్పు. నా కోడలికి ఇంక నయం కాలే, అయితున్నది. దేవుడు తొందరపడలే, నేను తొందరపడ్డ. ఆ డబ్బా నాకు వాపస్ ఇయ్యండ్రి."

ఎవరూ స్తోత్రమనలేదు. సంఘపెద్ద లేచి, చర్చి బీరువా తాళం తీసి, డబ్బా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. దాన్ని ఎవరూ వేలం పాడలేదు కనుక అది అక్కడే, పాటల పుస్తకాల పక్కన, అలాగే ఉండిపోయింది. వెనుక నుండి ఒకామె గొంతు, "రాహేలమ్మా, నా చక్కెర బీమారి గోళీలు గూడ ఉపాసం నాడు ఇడిశిపెట్టిన, మళ్ళ ఏస్కోవాల్నా?" అని అడిగింది. ఈసారి చర్చి అంతా నవ్వింది. అత్తగారు కూడా, కళ్ళు తుడుచుకుంటూ, వేసుకోమని చెయ్యి ఊపారు.

మరునాటి నుండి కొత్త మందులను ఆ డబ్బాలోనే పోశాము. దాని మీద అధికారం అత్తగారిదే. పొద్దున్నే మాత్రలు అరచేతిలో పోసి, నీళ్ళు ఇచ్చి, నేను మింగే దాకా ఎదురుగా కూర్చుని, నోరు తెరవమనేవారు. తరువాతే ప్రార్థన. ఒకసారి ప్రార్థన ముందు చేద్దామన్నాను. "ఆయన ఎక్కడికి పోతడు, ఆగుతడు. ముందు నువ్వు మింగు," అన్నారు.

సూదికి రోజూ కాంపౌండరు దగ్గరికి నడిచేవాళ్ళం. ఎండ పెరిగింది. రెండు నెలలు మా ఇంట్లో ఎవరూ రాబోయే కాలం గురించి మాట్లాడలేదు. మే నెలలో కాగితం వచ్చింది. మందులు లొంగదీశాయి. అత్తగారు కాగితం అడిగి తీసుకుని, చదవను రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి, డాక్టరమ్మనే నేరుగా అడిగారు. "ఇగ ఎన్ని దినాలు మింగాలె? మళ్ళా చెప్పు తల్లీ, నేను యాదికి పెట్టుకుంట." డాక్టరమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

1997 నవంబరు నుండి

మందులు నవంబరులో అయిపోయాయి. ఆఖరి కాగితమూ బాగుందన్న తరువాత పరుగు మాట ఎత్తాను. మెట్లు ఎక్కగలుగుతున్నానా అని డాక్టరమ్మ అడిగింది. ఆయాసం లేకుండా మూడు అంతస్తులు ఎక్కి వచ్చానన్నాను. అయితే నడకతో మొదలుపెట్టమంది. వేసవి దాకా నడిచాను. వానలు పడ్డాక ఒక కంచె పరుగు, ఒక కంచె నడక. సమయం రాసుకోవడం మానలేదు గాని, అది పెరిగిన రోజున అరగంట ముందు లేవడం మానేశాను. ఆ రోజు పడుకుంటాను. టీ కొట్టు దగ్గర అప్పటికే, ఇటువైపు విమానాల అడ్డా వస్తుందట, భూములు పోతాయట అన్న మాటలు మొదలయ్యాయి. విమానం దిగే లోపు టీచరమ్మ పాల్మాకుల చేరుతుందా లేదా అని పందాలు కాసేవారు.

మొన్నటి పరుగులో నా వెనుక ఇద్దరే ఉన్నారు. పన్నెండో కిలోమీటరు దగ్గర ఊపిరి కుడి వైపున పట్టేసింది. పాత చోటే. భయపడి నడిచాను. నాలుగు కరెంటు స్తంభాల దూరం నడిచేసరికి వదిలింది. అది జబ్బు కాదు, వట్టి అలసట. ఆ తేడా తెలియడానికి నాకు రెండున్నరేళ్ళు పట్టింది. మళ్ళీ పరుగెత్తాను. టైరు అడుగుల బూట్లు తారు రోడ్డు మీద టపటపమంటూ ఉంటే, చాలా రోజుల తరువాత నా శరీరం నాదే అనిపించింది.

పరుగు ముగిసే గీత దగ్గర మా వారు, అత్తగారు నిలబడి ఉన్నారు. అత్తగారి చేతిలో ఆ రేకు డబ్బా ఉంది, లోపల పల్లీ పట్టీలు. పాల్మాకుల నుండి వచ్చిన మా చర్చివాళ్ళు నలుగురు ఆవిడ చుట్టూ చేరి, కోడలు గెలిచిందా, ఆదివారం సాక్ష్యం చెబుతావా అని అడుగుతున్నారు. ఆవిడ డబ్బా మూత తీసి, ఒక పట్టీ నా నోట్లో పెట్టి, అలవాటు కొద్దీ నేను మింగే దాకా చూసి, అప్పుడు వాళ్ళ వైపు తిరిగారు.

"గెలిసిందో లేదో కాగితం వచ్చినంక చెప్త. ఉరికొచ్చింది. గదైతే నా కండ్లతోని జూసిన."